దొరసానమ్మకు దుబాసీగా పది రోజులు

బి.ఏ. పరీక్షలు రాసి, ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టాలనుకుంటూ తిరుపతిలో ఇంట్లో కూర్చున్న ఎండాకాలంలో ఒకరోజు, మా చర్చి పెద్దల్లో ఒకరైన హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. ఆయన రిటైరై మూడేళ్ళయినా అందరికీ హెడ్మాస్టరు గారే. గుమ్మంలో నిలబడే మా నాన్నతో, "మీ అమ్మాయి ఇంగ్లీషు బాగా మాట్లాడుతుందట గదా. దేవుడు ఆ వరాన్ని ఊరికే ఇవ్వలేదు" అన్నారు. ఆ వరం కోసం నేను తెల్లవారుజామున లేచి గ్రామరు బట్టీ పట్టిన సంగతి దేవుడికి తెలిసే ఉంటుంది.

సంగతేమిటంటే, ప్రతి వేసవిలో ఆయన కార్వేటినగరం అవతల కొండ కింద ఉన్న ఒక పల్లెకు పది రోజుల సువార్త దండయాత్ర తీసుకెళ్తారు. దండయాత్ర అనే మాట మా వాళ్ళలో మామూలే, దానికి ఎవరూ కత్తులు పట్టుకెళ్ళరు. పొద్దున రోగులకు మందులు, సాయంత్రం మైకులో ప్రసంగం. ఆ ఏడు మిషను వాళ్ళు ఒక విదేశీ నర్సును పంపుతున్నారు. ఆవిడ మాటలు పల్లె వాళ్ళకూ, వాళ్ళ మాటలు ఆవిడకూ చెప్పడానికి దుబాసీ ఒకరు కావాలి.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఒంగోలు నుంచి బదిలీ మీద తిరుపతి వచ్చి అప్పటికి రెండేళ్ళే అయింది. హెడ్మాస్టరు గారు అడగ్గానే నాన్న ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ నర్సు కుష్టు రోగులకు కట్లు కడుతుందట. నువ్వు మాటలు చెప్పడానికి వెళ్తున్నావు. అంతవరకే చూసుకో" అంది. నేను గొప్పగా తల ఊపాను. అంతకన్నా ఎక్కువ చేసే ఉద్దేశం నాకూ లేదు. పెట్టెలో బట్టల కింద నిఘంటువు పెట్టుకున్నాను. జబ్బుల పేర్లు, ఒంట్లో భాగాల పేర్లు ఒక నోటుబుక్కులో ఇటు ఇంగ్లీషు, అటు తెలుగు రాసుకున్నాను. పల్లె జనం నా నోటి వంక చూస్తూ నిలబడ్డట్టు రెండు మూడుసార్లు ఊహించుకున్నాను కూడా.

నర్సు కార్వేటినగరం బస్టాండులో దిగింది. యాభై ఐదేళ్ళుంటాయి. నేత చీర, కాన్వాసు బూట్లు, చేతిలో నల్ల గొడుగు. హెడ్మాస్టరు గారు ఆవిడకు ఇంగ్లీషులో స్వాగతం చెప్పారు, ఒక్కో మాటా నిలిపి నిలిపి, చెవిటి మనిషికి చెప్పినట్టు. ఆవిడ నవ్వుతూ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. నేనూ ప్రయాణం ఎలా జరిగిందని, ఎండ బాధించిందా అని నాకు తెలిసిన మంచి మాటలన్నీ ఏరి అడిగాను. పల్లె చేరి, సెలవులకు మూసేసిన బడిలో సామాన్లు దించుకునేదాకా అంతా ఇంగ్లీషే నడిచింది.

మర్నాడు పొద్దున బడి వరండాలో రోగులు వరసగా కూర్చున్నారు. మొదట ఒక రైతు వచ్చాడు, కుంటుతూ. నేను నోటుబుక్కు తెరిచి, గొంతు సవరించుకుని, "అయ్యా, తమకు ఏ చోట నొప్పిగా ఉన్నదండీ?" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏందమ్మా?"

నేను అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాను. ఆయన వెనక కూర్చున్న వాడి వైపు తిరిగి, "ఏమంటావుండాదిరా ఈ పాప? సినిమాలో మాదిరి మాట్లాడతావుండాదే!" అన్నాడు.

మందుల డబ్బా సర్దుకుంటున్న నర్సు తల ఎత్తకుండానే అడిగింది. "యాడ నొస్తాదప్పా? మోకాలా, పిక్కా?"

"పిక్కమ్మా. సూదులతో గుచ్చినట్టుంటాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాట్లేసినప్పట్నుంచి తల్లీ."

"ఈడ కూసో. కాలు సాపు, సూస్తాను."

నేను నోటుబుక్కు మూశాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర, కాస్త రోషంగానే, ముందే చెప్పి ఉండవచ్చు కదా అని ఆవిడను అడిగాను. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ పలమనేరు వైపు పల్లెల్లో తిరుగుతోందట. వంట చేసిపెట్టే మనిషి దగ్గర, కట్లు కట్టించుకునే వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు అది. "ఎవురూ అడగలేదు గదా పాపా" అంది చల్లగా. "అందురూ నాతో ఇంగిలీసే మాట్లాడతావుంటే, మీకు ఇంగిలీసంటే ఇష్టమేమో అనుకున్నా."

దుబాసీ అవసరం నిజంగా ఉందని ఆ సాయంత్రం తెలిసింది. హెడ్మాస్టరు గారు చిత్తూరు జిల్లాలోనే పుట్టి పెరిగిన మనిషి. అయినా మైకు ముందు నిలబడితే ఆయనకు వేరే భాష వచ్చేది. ఎడమ చేయి ఆకాశానికెత్తి, "ఓ గ్రామ వాస్తవ్యులారా! మీ అంతరంగ కవాటములను తెరువుడి!" అన్నారు. ఆడవాళ్ళు నర్సు వైపు వంగారు.

"ఏమంటావుండాడమ్మా?"

"తలుపులు తెరిసి పెట్టమంటావుండాడు."

"తెరిస్తే మేకలు దూరవా?" అంది ఒకావిడ, కొంచెం కంగారుగా.

"ఆ తలుపులు కాదుమ్మే. మనసు సంగతి" అంది నర్సు.

అలా ప్రసంగం పొడుగునా ఆయన తెలుగును ఆవిడ తెలుగులోకి మార్చి చెప్పింది. నేను చెట్టు కింద కూర్చుని విన్నాను. ఇంటికి రాసిన కార్డులో మాత్రం, పని చాలా ఎక్కువగా ఉంది అని రాశాను.

ఆ మీటింగులోనే, అందరూ అవ్వ అని పిలిచే ముసలావిడను మొదటిసారి చూశాను. అరవై దాటి ఉంటాయి. చేతివేళ్ళు సగం సగం మిగిలాయి. కాళ్ళకు పాత టైరు ముక్కలతో కుట్టిన చెప్పులు. అందరికన్నా ముందు, మైకుకు ఎదురుగా ఒక్కతే కూర్చుంది. హెడ్మాస్టరు గారు చాలా వరకు ఆవిడనే చూస్తూ మాట్లాడారు. ప్రతి ఏడూ వస్తుందట, ప్రతి రోజూ మొదటి వరసలో ఉంటుందట. ఈ ఏడు తప్పకుండా ప్రభువును అంగీకరిస్తుంది అని ఆయన అయిదారేళ్ళుగా నమ్ముతున్నారట.

మర్నాడు కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు అవ్వనే అడిగాను, ప్రసంగాలు అంత ఇష్టమా అని. "నాకు గంగమ్మ ఉండాది గదమ్మా" అంది. "కానీ ఆయప్ప అంత దూరం నుంచి వచ్చి గొంతు పోయేటట్టు మాట్లాడతావుంటాడు. ముందర ఎవురూ లేకుంటే బాగుంటాదా?"

జబ్బు బయటపడ్డాక అత్తగారింటి వాళ్ళు అవ్వను ఊరి చివర గుడిసెలో పెట్టారట. అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత, పలమనేరు నుంచి అప్పుడప్పుడు ఆ వైపు వచ్చే ఈ నర్సే మందులు ఇచ్చి జబ్బును ఆపింది. వేసవిలో మాత్రమే వచ్చే హెడ్మాస్టరు గారికి ఆ సంగతి తెలియదు. పోయిన వేళ్ళు, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. అందుకని రోజూ పొద్దుగూకే ముందు పాదాలు తిప్పి చూసుకోవాలని నర్సు నేర్పింది. అవ్వ ఆ ఒక్క పాఠాన్ని పట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో తనలాంటి వాళ్ళందరి ఇళ్ళకూ నడిచి వెళ్ళేది. "కాలు ఈడ పెట్టు, సూడనీ" అని కేకలేసి, కొత్త పుండు కనిపిస్తే తిట్టి, నర్సు వచ్చినప్పుడు వాళ్ళను వెంట తీసుకొచ్చేది. ఉతికిన కట్టుగుడ్డలు ఉడకబెట్టి, కంచె మీద ఆరేసి, ఆ సగం వేళ్ళతోనే చుట్టలు చుట్టేది. ఎవరూ చెయ్యమనలేదు.

మూడో రోజు పొద్దున ఆపద వచ్చింది. ముందు రోజు మైకు సరిగా వినపడలేదని హెడ్మాస్టరు గారు తీగను వరండా మీదుగా కొత్త దారిలో లాగించారు. నర్సు నీళ్ళ బేసిను పట్టుకుని వస్తూ ఆ తీగ తట్టుకుని మెట్ల మీది నుంచి కింద పడింది. లేచి కూర్చుని కుడి మణికట్టు చూసుకుంది. అది వంకరగా ఉంది. హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు.

"చిత్తూరు తీసుకెళ్దాం. పెద్దాసుపత్రి ఉంది, ఎక్స్‌రే ఉంది" అన్నారు.

"పుత్తూరు బస్సు ఇంగా అర్ధగంటలో వస్తాది" అంది నర్సు, ఎడమ చేత్తో కుడి వేళ్ళను ఒక్కొక్కటే కదిలించి చూసుకుంటూ.

పుత్తూరు అంటే ఎముకలు కట్టే చోటు. మా ఒంగోలు వైపు కూడా దాని పేరు తెలుసు. హెడ్మాస్టరు గారు నీళ్ళు నమిలారు. "అక్కడ వాళ్ళు పసరు రాస్తారు. దేవుళ్ళ పటాలు ఉంటాయి. మంత్రం కూడా వేస్తారేమో. మిషను నర్సు అక్కడికి వెళ్ళిందంటే చర్చిలో ఏమనుకుంటారు?"

"నా రోగుల్ని ఎంతమందినో ఆడికి పంపినానయ్యా. వాళ్ళకు పనికొచ్చింది నాకు పనికిరాదా?"

ఆయన నర్సు గొడుగు తీసుకుని ముందు నడిచారు. తీగ లాగించింది ఆయనే కదా. బస్సులో మా వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా పెదవులు కదుపుతూ ప్రార్థన చేశారు.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన ఇంటి వరండా నిండా మనుషులు. హెడ్మాస్టరు గారు లోపలికి రానన్నారు. రోడ్డు అవతల టీకొట్టులో కూర్చుంటానన్నారు. మా ముందు చింతచెట్టు మీద నుంచి పడ్డ ఒక నడివయసు మనిషి ఉన్నాడు. ఎముక సరిచేసేటప్పుడు అతని కాలు కదలకుండా పట్టుకునే మనిషి చాలక పెద్దాయన అటూ ఇటూ చూస్తుంటే, నర్సు లేచి వెళ్ళి ఎడమ చేత్తో మడమ పట్టుకుంది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకునే. పెద్దాయన ఆ పట్టు వంక చూశాడు. ఆవిడ ముఖం వంక తర్వాత చూశాడు.

మా వంతు వచ్చింది. "దొరసానికి తెలుగొస్తాదా?" అని నన్ను అడిగాడు. ఇన్ని రోజులకు నా పని నాకు దొరికిందనుకుని, "ఈవిడకు మణికట్టు భాగంలో..." అని మొదలుపెట్టాను.

"తీగ తట్టుకోని పడినానప్పా" అంది నర్సు. "ఈడ ఇరిగినట్టుండాది. వేళ్ళు కదలతావుండాయి. సూడు."

పెద్దాయన పెద్దగా నవ్వి చెయ్యి అందుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ నన్ను మరిచిపోయారు. ఏ పసరు, ఎన్ని రోజులకు విప్పుతారు, వెదురు బద్దలు ఎంత వెడల్పు అని ఈవిడ అడిగేది. కుష్టు రోగి పాదానికి ఎముక విరిగితే స్పర్శ ఉండదు గదా, కట్టు బిగిసినా చెప్పలేడు, అప్పుడేం చేస్తావని ఆయన అడిగాడు. ఎముక లాగి సరిచేసినప్పుడు మాత్రం నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం పట్టుకుంది, నేను పక్కన ఉన్నది అందుకే అన్నట్టు. కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, బద్దలు పెట్టి కట్టారు.

అప్పటికి టీకొట్టులో కూర్చోలేక హెడ్మాస్టరు గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. జారిన కండువాను ఎడమ చేత్తో సర్దుకున్నారు. పెద్దాయన చూశాడు.

"అయ్యవారూ, ఆ కుడి భుజం ఎన్నాళ్ళ నుంచి లేవదు?"

"అబ్బే, అదేం లేదండీ."

"ఆర్నెల్లకు పైనే అయ్యుంటాది" అంది నర్సు. "సొక్కా ఏసుకునేకి కష్టపడతావుండాడు. దేవునికి కూడా ఎడం చెయ్యే ఎత్తతాడు."

హెడ్మాస్టరు గారు గోడ మీది పటాల వంక ఒకసారి, రోడ్డు వంక ఒకసారి చూశారు. చర్చి వాళ్ళెవరూ కనపడలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నారు. పెద్దాయన ఏదో ఊరి సంగతి అడుగుతూనే భుజం పట్టి ఒక్క లాగు లాగాడు.

"సచ్చినానురా నాయనా! యాడ దొరికినావురా నాకు!" అని వరండా అదిరేటట్టు అరిచారు హెడ్మాస్టరు గారు. ఆయన నోటి నుంచి పల్లె వాళ్ళందరికీ తెలిసే తెలుగు వినడం నాకు అదే మొదలు. చింతచెట్టు మీది నుంచి పడ్డ మనిషి తన నొప్పి మరిచి నవ్వాడు.

తిరుగు బస్సులో ఆయన నా పక్కకు వంగి, "ఈ సంగతి..." అన్నారు.

"ఎవరికీ చెప్పనండీ."

"చెప్పొద్దని నేననలేదమ్మా. అడిగితే చెప్పు. అడక్కపోతే..." అని కిటికీ వైపు తిరిగారు. నాలుగు రోజుల తర్వాత ఆయన రెండు చేతులూ ఎత్తి ప్రసంగం చేశారు. జనం మెచ్చుకున్నారు.

కానీ నాకు అసలు కష్టం మర్నాడు పొద్దున మొదలైంది. నర్సుకు ఒక చెయ్యే ఉంది. కట్లు కట్టాల్సిన వాళ్ళు వరండాలో కూర్చుని ఉన్నారు. నర్సు నా వంక చూసింది. అడగలేదు. నేను అమ్మకు ఇచ్చిన మాట గురించి చెప్పాలనుకున్నాను. ఇంగ్లీషులో చెబితే బాగుంటుందా, తెలుగులోనా అని ఆలోచిస్తుండగానే అవ్వ వచ్చి స్టూలు మీద కాలు పెట్టింది.

"కడుగు పాపా" అంది నర్సు. "ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. అంతే సాలు."

వాసనకు కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు పాదం మీద పడ్డాయో నేల మీద పడ్డాయో తెలియదు.

"కండ్లు మూసుకోని కడగతావేందమ్మా?" అంది అవ్వ. "నాకు తెలీదు, నీకు కనపడదు. ఇంగ పుండు సంగతి ఎవురు సూడాల?"

వరండా అంతా నవ్వింది. నేను కళ్ళు తెరిచాను. చూశాను. కట్టు ఎలాగో పూర్తి చేసి, లేచి, బడి వెనక్కి పరిగెత్తి తిన్నదంతా కక్కాను. గోడ పట్టుకుని నిలబడి ఉండగా వెనక నుంచి ఒక చెంబు నా ముందుకు వచ్చింది. అవ్వ. రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది.

"తాగు తల్లీ. నా కుండలోవి కాదు. బడి కుండలోవే. చెంబు గూడా మీదే."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఎదుటి మనిషి భయాన్ని ముందే కనిపెట్టి దారి ఇవ్వడం అలవాటైపోయిన మనిషి మాట అది. నేను చెంబు తీసుకున్నాను. తల ఎత్తి ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడే, "మొదుట్లో అందురికీ అంతే. దొరసానమ్మ గూడా కక్కినాది" అని చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత నర్సును అడిగితే, నిజమేనంది.

ఆ రోజు నుంచి నర్సు పక్కన కూర్చుని, "ఆడ కాదు, ఈడ. గట్టిగా కాదు. ఆ, అట్ల" అని చెప్పేది, నా చేతులు చేసేవి. హెడ్మాస్టరు గారు ఎవరూ అడగకుండానే రోజూ పొద్దున బావి నుంచి నీళ్ళు మోసి తెచ్చి వరండాలో పెట్టేవారు. ఎడమ చేత్తో, రెండు బిందెలు వరసగా. ఆ తీగ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ప్రసంగాల్లో పశ్చాత్తాపం గురించి మాత్రం ఎక్కువ మాట్లాడారు.

ఏడో రోజు మధ్యాహ్నం కట్టుగుడ్డలు తీసుకురావడానికి అవ్వ గుడిసెకు వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గుమ్మం పక్కన కుండ ఉంది. "నీళ్ళు కావాలవ్వా" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "బడిలో లేవా?" అంది. ఉన్నాయన్నాను. ఇంకేమీ అడగకుండా ముంచి ఇచ్చింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. నేనేదో గొప్ప పని చేశాననీ, ఆవిడ కళ్ళు చెమరుస్తాయనీ నాకు లోపల ఆశ ఉన్నట్టుంది. ఆవిడ కట్టుగుడ్డల మూట నా చేతిలో పెట్టి, "నిన్న నువ్వు చుట్టినవి వదులుగా ఉండాయి. బిగించి చుట్టు" అని మాత్రం అంది.

తొమ్మిదో రోజు హెడ్మాస్టరు గారు మిషను వాళ్ళకు పంపే నివేదిక రాసి, ఇంగ్లీషులో పెట్టమని నాకిచ్చారు. అందులో నర్సు చెయ్యి 'ప్రార్థన ఫలితంగా స్వస్థత పొందుచున్నది' అని ఉంది. పుత్తూరు లేదు. బస్సులో ఆయన ప్రార్థన చేసిన మాట నిజం కాబట్టి నేను అలాగే ఇంగ్లీషు చేశాను. నర్సు చదివి, దానికేమీ అభ్యంతరం చెప్పలేదు. "అవ్వ గురించి యాడా లేదే?" అంది.

"ఆమె మనలో ఇంకా కలవలేదు గదమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు.

"పని మనతోనే చేసినాది గదా."

ఆయన నివేదిక వెనక్కి తీసుకున్నారు. చివర్న, 'ఈ గ్రామమందలి ఒక సహోదరి మాకు ఎంతో తోడ్పడెను' అని చేర్చారు. మా వాళ్ళలో సహోదరి అంటే చర్చిలో కలిసిన మనిషే. చదివే వాళ్ళు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. సాయంత్రం ఆ సంగతి అవ్వకు చెబితే, పడీపడీ నవ్వింది. "పోనీలేమ్మా. ఆయప్పకు సంతోసమైతే ఉండనీ. గంగమ్మ ఏమీ అనుకోదు" అంది. చివరి ప్రసంగానికి అలవాటు ప్రకారం మొదటి వరసలో కూర్చుంది. ఆ రోజు హెడ్మాస్టరు గారు ఆవిడ వంక చూసి చేతులెత్తి నమస్కారం పెట్టి మొదలుపెట్టారు. అంతకుముందు ఏ ఏడూ అలా చెయ్యలేదని తర్వాత విన్నాను.

ఇంటికి వచ్చాక అమ్మ నా బట్టలన్నీ విడిగా నానబెట్టి, డెట్టాలు వాసన ఎందుకొస్తోందని అడిగింది. రోగుల దగ్గర కూర్చుని మాటలు చెప్పానుగా అన్నాను. అబద్ధం కాదు.

కొన్ని వారాల తర్వాత నర్సు దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఫలానా రోజు పుత్తూరులో కట్టు విప్పుతారు, వీలైతే రా అని. తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్ళాను. వరండాలో ఒక పెద్దమనిషి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వరసలో కూర్చుని ఉన్నారు. కండువాను బట్టి గుర్తుపట్టాను కానీ పలకరించలేదు. నర్సు కట్టు విప్పాక చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. కొద్దిగా వంకర మిగిలింది. పని చేసుకోవడానికి అడ్డం రాదు అంది.

చిత్తూరు బస్సు వచ్చింది. అక్కడ దిగి ఆవిడ పలమనేరు వెళ్ళాలి. "కాన్పు దగ్గరపడి ఒక నర్సు సెలవులో పోయినాది. ఇంగ నేనొకదాన్నే" అంది మెట్టెక్కుతూ. నన్ను రమ్మనలేదు. కండక్టరు "ఎక్కేదుంటే ఎక్కమ్మా" అన్నాడు. ఎక్కాను. చేతిలో సంచి కూడా లేదు. చిత్తూరులో దిగి ఇంటికి ఉత్తరం రాసి పోస్టు చేశాను, వారం ఉండి వస్తానని. ఎం.ఏ. దరఖాస్తుల గడువు దాటేదాకా పలమనేరులో నర్సు దగ్గరే ఉన్నాను.